పాలు పొంగించిన గది

నర్సీపట్నంలో అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే ఓనర్లు ముందు ఉద్యోగం అడుగుతారు. కులాన్ని నేరుగా అడగరు. మీదే ఊరు, మీ ఇంటిపేరేంటి అని ఊరంతా తిరిగి అక్కడికే వస్తారు. నేను మాకవరపాలెం దగ్గర స్కూల్లో టీచర్ని, మా ఆయన ఇక్కడే ఆఫీసులో ఉద్యోగి. కాబట్టి ఈ ప్రశ్నలన్నీ మాకు పెద్ద ఇబ్బంది లేకుండానే గడిచిపోయేవి. ఆ తర్వాత, కాఫీ గ్లాసులు తీసేస్తూ, ఓనరుగారి భార్య ఒక మాట అడిగేది.

"ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటారాండీ?"

పెళ్లయిన కొత్తలో అది గౌరవం కాబోలనుకున్నాను. మెట్లు ఎక్కలేరని దిగులు పడుతున్నారేమో అని కూడా అనుకున్నాను. కొన్ని ఇళ్లు మారాక అర్థమైంది. "అత్తగారున్నారండీ" అనగానే అవతలి మొహంలో లెక్క మొదలయ్యేది. వయసెంత, బీపీ షుగరు ఉన్నాయా, సొంతూళ్లో ఇంకా ఎవరైనా ఉన్నారా. నా పెళ్లిచూపుల్లో నా ఆరోగ్యం గురించి ఎవరూ అంత వివరంగా అడగలేదు.

సంగతేమిటంటే, అద్దె ఇంట్లో చావు జరగకూడదు. ఆస్పత్రిలో పోయినా సరే, శవాన్ని అద్దె ఇంటికి తేకూడదు. పోయిన వేళ నక్షత్రం బాగోకపోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసి పెట్టాలని నమ్మకం. మూసిన ఇంటికి అద్దె రాదు, తెరిచాక అద్దెకు మనిషి రాడు. ఈ షరతు ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. అగ్రిమెంటులో గోడలకు మేకులు కొట్టకూడదని ఉంటుంది.

ఇప్పుడున్న ఇంటి ఓనరుగారు ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరు. ఆయన కింద, మేం పైన. చెడ్డ మనిషి కాదు. పెరట్లో మునక్కాడలు కాస్తే పైకి పంపిస్తారు. మోటారు పాడైతే తనే స్పానరు పట్టుకుని దిగుతారు. అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక పెన్ను జేబులో పెట్టుకుంటూ మా ఆయనతో, "సార్, మరోలా అనుకోకండి. ఏదైనా అయితే మాత్రం ఇంటికి తేవద్దు" అన్నారు. మా ఆయన "అలాగేనండీ" అన్నారు. ఆ "ఏదైనా" అప్పుడు పక్క గదిలోనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వినపడలేదనే అనుకున్నాం.

వినపడింది. మా అత్తగారి చెవులు బాగా పనిచేస్తాయి. ఆవిడది నాతవరం దగ్గర పల్లె. పుట్టింట్లో పొలం, పశువులు, పెద్ద అరుగులు. మా మామగారిది తరచూ బదిలీలయ్యే గుమాస్తా పని కావడంతో కాపురానికి వచ్చిన రోజు నుంచీ అద్దె ఇళ్లే. ఇన్నేళ్లలో సొంత గుమ్మానికి పసుపు రాసిన రోజు లేదు. మామగారు పోయినప్పుడు అప్పటి ఓనరు గేటు తియ్యలేదు. ఆయన్ని వీధి మలుపులో, ఆస్పత్రి నుంచి తెచ్చిన బండిలోనే ఉంచారు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే బండి వెనక తలుపులోంచి ఒంగి చూసి వెళ్లారు. అత్తగారు రోడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ ఒంగడాలన్నీ చూశారు.

అందుకే ఆవిడ కోరిక ఒక్కటే. నగలు చేయించమని అడగలేదు, తీర్థయాత్రలు అడగలేదు.

"నన్ను బండిలో ఎట్టి సూపించకండి. ఒంగి సూడకూడదు నన్ను. గుమ్మం లోపల పడుకోబెట్టండి, సాలు" అనేవారు.

మా ఆయన అప్పుడు పేపరు తిరగేసేవారు. నాకు ఒళ్లు మండేది. ఎవరి మీదో తెలియదు.

సొంతిల్లు కట్టలేకపోయారా అని మీరడగొచ్చు. మా బంధువులందరూ అడిగారు. ఊరి చివర ఒక స్థలం కొన్నాం. కొన్నాక తెలిసింది, మాస్టర్ ప్లానులో అక్కడ పెద్ద రోడ్డు ఉందని. స్థలం అమ్మినాయన ఆ రోడ్డును మాకు గొప్పగా చూపించాడు కూడా, మీ ఇంటి ముందే రోడ్డొస్తుందని. ఇంటి ముందు కాదు, వంటగదిలోంచి. ఆ రోడ్డు ఇంతవరకూ రాలేదు, ఇల్లు కట్టుకోవడానికి పర్మిషనూ రాలేదు. రెండు పండగలకోసారి వెళ్లి మా స్థలంలో మొలిచిన తుమ్మ చెట్లను చూసి వస్తాం. అవి ఎవరి పర్మిషనూ లేకుండా బాగా పెరుగుతున్నాయి.

"ఇల్లెప్పుడు కడతావురా?" అని అత్తగారు అడిగితే మా ఆయన "కడదామమ్మా" అనేవారు. అది మా ఇంట్లో గుడ్ మార్నింగ్ లాంటిదయిపోయింది.

ఇలాంటి వాళ్లం మా కాలనీలో చాలామందిమి ఉన్నాం. కాలనీ అంటే టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు, ఇద్దరు డాక్టర్లు. రోడ్డు మీద నడిచేటప్పుడు అందరం ఒకటే. సంక్షేమ సంఘం మీటింగులో మాత్రం ఓనర్లకే ఓటు. అద్దెకున్నవాళ్లు వినాయక చవితికి చందా ఇవ్వొచ్చు. అద్దెకున్నవాళ్లం కలిసి వార్డు ఆఫీసుకు వెళ్లి ఒక అర్జీ పెట్టాం. మాలాంటివాళ్ల ఇళ్లల్లో ఎవరైనా పోతే, అంత్యక్రియలకు తీసుకెళ్లేదాకా శవాన్ని ఉంచుకోవడానికి ఒక గది కట్టించమని. ఎవరూ పట్టించుకోరనే పెట్టాం. వాళ్లు ఒప్పుకున్నారు. దానికి మేం సిద్ధంగా లేం.

ముందు మా కాలనీ పార్కు మూల చూశారు. ఆ సాయంత్రమే సంఘం మీటింగు పెట్టారు. మా ఓనరుగారు లేచి చాలా బాగా మాట్లాడారు.

"గది కావాలి. తప్పకుండా కావాలి. మనిషన్నాక మానవత్వం ఉండాలి. కాకపోతే ఇక్కడ పిల్లలాడుకుంటారు, ఉదయం మనం నడుస్తాం. ఇంకెక్కడైనా అయితే నేనే ముందుండి చందా ఇస్తాను."

అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టబోయి ఆగాను. చచ్చినవాళ్లు ఇంట్లోకి రాకూడదు కాబట్టి గది కావాలి, గది వీధిలోకి రాకూడదు కాబట్టి ఇంకో వీధి కావాలి. ఆ ఇంకో వీధి ఎప్పుడూ మా వెనకే ఉంటుంది. గవర్నమెంటు స్థలాలిచ్చి కట్టించిన చిన్న ఇళ్ల వరస అది. మా ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, జీడిపిక్కలు ఒలిచేవాళ్లు ఉంటారు. ఒక్కో ఇల్లూ ఒక్కో గదే గానీ, పట్టాలున్నాయి. ఆ వీధిలో అందరూ ఓనర్లే.

వాళ్లూ ఒప్పుకోలేదు. కొలతలు తీసుకోవడానికి మనుషులొచ్చిన రోజు నేను స్కూలు నుంచి ఆటో దిగి అటే వస్తున్నాను. బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకునే ఒకావిడ వాళ్లకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఆల ఇళ్లకి పనికిరాని శవం మా గుమ్మం ముందుకేటి? మాయి గుమ్మాలు కావేటి? మాకు పిల్లల్లేరేటి?"

ఆవిడ అన్నదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. మా కాలనీ అభ్యంతరం చెబితే స్థలం మారింది. ఆవిడ అభ్యంతరం చెబితే అందరికీ టీలు తెప్పించారు. గది అక్కడే కట్టారు.

బాగానే కట్టారు. తెల్ల టైల్సు, ఫ్యాను, కుళాయి, మంచం ఎక్కించేలా మెట్లు లేకుండా వాలుగా దారి. మధ్యలో నడుమెత్తు సిమెంటు దిమ్మ, దాని మీద నల్లరాయి పలక. అంతా అయ్యాక తాళం వేశారు. ప్రారంభం కాలేదు. బస్ షెల్టరుకు రిబ్బను కత్తిరించడానికి పోటీలు పడే పెద్దమనుషులకు ఈ గది దగ్గరికొచ్చేసరికి తీరిక దొరకలేదు. శవాల గదికి మొదటి అడుగు నాదే అని ఫొటో దిగడం ఎవరికి ఇష్టం? గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను, గోడ మీద రాతిపలకకు పసుపు గుడ్డ కట్టి వదిలేశారు. ఇడ్లీ బండి ఆవిడ ఆ వాలు దారి మీద బియ్యం ఆరబోసుకునేది.

జీడి తోటలు పూత మీదున్న రోజుల్లో అత్తగారికి జ్వరం వచ్చింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇక్కడి డాక్టరు విశాఖపట్నం తీసుకెళ్లమన్నారు. మెట్లు దించడానికి మా ఓనరుగారే కుర్చీ తెచ్చి ఒక పక్క పట్టుకున్నారు. ఆయన అంత త్వరగా మెట్లు దిగడం నేను మునుపు చూడలేదు.

విశాఖపట్నంలో చేయాల్సినవన్నీ చేశాక ఒక పెద్ద డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, "ఇంక మా చేతుల్లో లేదండీ. ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. చాలా సౌమ్యంగా చెప్పారు. ఆయనకు సొంతిల్లు ఉండి ఉంటుంది.

అంబులెన్సులో మా ఆయన తల్లి మొహం మీద ఆక్సిజన్ మాస్కు పట్టుకుని కూర్చున్నారు. ఓనరుగారికి ఫోను చెయ్యమంటే ఆయన తల అడ్డంగా ఊపారు. నేనే చేశాను.

"మేడమ్ గారూ, ఎలా ఉన్నారు అమ్మగారు?" అన్నారు ఆయన.

"ఇంటికి తీసుకెళ్లమన్నారండీ."

"ఇవాళ ధనిష్ఠా పంచకం మొదలైందమ్మా. శనివారం దాకా ఉంది" అన్నారు. ఆ రోజుల్లో ఇంట్లో మనిషి పోతే ఇల్లు వదిలెయ్యాల్సిందేనని మా వైపు అందరికీ తెలుసు. పంచాంగం కోసం లోపలికి వెళ్లలేదు ఆయన. ముందే చూసి పెట్టుకున్నారు.

"బతికే ఉన్నారండీ" అన్నాను.

"అదేనమ్మా. అందుకే ముందుగా చెబుతున్నాను. బండి వీధి మలుపులో పెట్టించండి. షామియానా, కుర్చీలు నేను చూసుకుంటాను. మీకేం ఇబ్బంది లేకుండా."

ఫోను పెట్టేశాను. ఆ మనిషి దొరికితే ఆ పంచాంగం ఆయన నెత్తినే వేసి కొట్టేదాన్ని. వీధి మలుపు, బండి, ఒంగి చూడటం. అత్తగారు వద్దన్నది ఒక్కటే, అదే జరగబోతోంది. నేను డ్రైవరుతో, "కాలనీలోకి వద్దు. వెనక వీధికి పోనివ్వండి" అన్నాను.

తాళం వార్డు ఆఫీసులో పనిచేసే అమ్మాయి దగ్గరుంది. ఫోను చేస్తే స్కూటీ మీద పరిగెత్తుకొచ్చింది పాపం. "ఇంకా ప్రారంభం కాలేదు మేడమ్" అంది. మా మొహాలు చూసి తలుపు తీసింది. "రిబ్బను మాత్రం తెంచకండి మేడమ్, నాకు మాటొస్తాది" అంది.

అందుకని మా అత్తగారిని స్ట్రెచరు మీద రిబ్బను కింద నుంచి తీసుకెళ్లాం. ఒంగింది మేము. ఆవిడ గుమ్మం లోపలికి వెళ్లారు.

లోపల దిమ్మ ఉంది. దాని మీద ఊపిరున్న మనిషిని పడుకోబెట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఈలోగా ఇడ్లీ బండి ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చి, "ఎవలు పోనారు?" అంది. దగ్గరికొచ్చి చూసి, అరిచింది.

"ఊపిరాడతంది కదమ్మా! బతికున్న మడిసిని తెచ్చీసినారేటి ఇక్కడికి?"

"మా ఓనరు రానివ్వడండీ" అన్నాను. అంతకుముందు ఆవిణ్ణి నేను అండీ అనలేదు.

ఆవిడ మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్లి, తిట్టుకుంటూనే నవారు మంచం తెచ్చింది. "ఈ గది కట్టినకాడి నుంచి నా ఇంటికి గాలి లేదు" అని కూడా అంది. మంచం వేశాం. దిమ్మ మీద మందులు, ఫ్లాస్కు, బట్టల సంచీ పెట్టుకున్నాం. సాయంత్రానికి నాతవరం నుంచి షేర్ ఆటోల్లో చుట్టాలు దిగారు. అందరూ నిలబడి చూశారు, కొందరు కూర్చుని చూశారు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు.

మర్నాడు తెల్లారి బాగా వెలుతురొచ్చాక అత్తగారు కళ్లు తెరిచారు. కాసేపు ఫ్యాన్ని చూశారు.

"గొంతులో ఇంత కాఫీ ఒయ్యే" అన్నారు.

డాక్టర్ల అంచనా ఎందుకు తప్పిందో నాకు తెలియదు. మందులు ఆలస్యంగా పనిచేశాయేమో. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడిపోయారు. నేను స్పూనుతో కాఫీ పోస్తుంటే ఆవిడ గదంతా కలియజూశారు. కొత్త రంగు వాసన, తెల్ల టైల్సు, గుమ్మానికి ఎర్ర రిబ్బను.

"ఇదేటే, రిబ్బను కట్టినారు? కొత్తిల్లేటి?" కొడుకు వైపు చూశారు. "కట్టీసావేట్రా?"

మా ఆయన నా వైపు చూశారు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట ఆవిడకు చెప్పే మనిషి ఆ గదిలో లేడు.

"కట్టేశాం అత్తయ్యా" అన్నాను.

"ఒక్క గదేనా?"

"ముందు ఒక్కటే వేశాం. మిగతావి నెమ్మదిగా వేస్తాం."

"మంచి పని సేసీరు. ఒక్కటైనా మనది." మళ్లీ చూశారు. "వంటగట్టు బాగా పెద్దదేయించావే. నల్లరాయే?"

"నల్లరాయే" అన్నాను.

ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. కొత్తిల్లు కదా, కోడలు ఏడిస్తే సంతోషం అనుకున్నారు ఆవిడ. అంతలోనే మొహం మారింది.

"పాలు పొంగించారా? సొంతింట్లో పాలు పొంగించకుండానే మంచం ఏసీసినారేటే?"

మర్చిపోయాం అన్నాను. నమ్మారు. ఈ కాలం వాళ్లు ఏదైనా మర్చిపోతారని ఆవిడకు ముందే నమ్మకం. ఇడ్లీ బండి ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఎక్కడ నిజం చెప్పేస్తుందోనని ఆవిడ వైపే చూశాను. ఆవిడ వెళ్లి తన బండి మీది గ్యాసు స్టవ్వు, గిన్నె తెచ్చి దిమ్మ మీద పెట్టింది.

"తూరుపుకి తిప్పి ఎట్టండమ్మా" అంది, అంతే.

పాలు పొంగుతున్న సమయానికి మా ఓనరుగారు వచ్చారు, పరామర్శకు. పంచె కట్టుకుని, చేతిలో పూలదండ ఉన్న కవరుతో వచ్చారు. రిబ్బను కింద నుంచి ఒంగి లోపలికొచ్చి, దిండుకానుకుని కూర్చున్న మనిషిని చూసి, కవరు వెనక్కి దాచుకున్నారు.

"రండి మాస్టారూ, మంచి టయానికొచ్చీరు" అన్నారు అత్తగారు. "ఏటీ అనుకోకండి. మీ ఇల్లు కాళీ సేసీసి వచ్చీనాం. సొంతిల్లు కట్టుకున్నాడు మావోడు. మిమ్మల్ని పిలవనేదని మనసులో ఎట్టుకోకండి."

ఆయన నా వైపు చూశారు. నేను పాల వైపు చూశాను.

"చాలా సంతోషం అమ్మా" అన్నారు ఆయన.

"ఇన్నాళ్లూ మీ నీడని ఉన్నాం. ఏ లోటూ సెయ్యనేదు మీరు. ఒలే, మాస్టారికి పాలియ్యి."

స్టీలు గ్లాసులో పంచదార వేసి ఇచ్చాను. శవాల గదిలో, దిమ్మ మీద పొంగిన పాలు. ఆయన గ్లాసును కాసేపు పట్టుకున్నారు. తాగారు. ఇంటికెళ్లి తలస్నానం చేశారని తర్వాత తెలిసింది. నేను తప్పుపట్టలేదు. తాగారు కదా.

శనివారం దాటింది. అత్తగారు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఆ నడకలోనే గుమ్మానికి పసుపు రాశారు. వార్డు ఆఫీసు అమ్మాయి వచ్చి, ఎవరో పెద్దమనిషి చివరికి రిబ్బను కత్తిరించడానికి ఒప్పుకున్నారని నసుగుతూ చెప్పింది. ఓనరుగారు తనంతట తనే కుర్చీ పట్టుకుని వచ్చి, "మేడమ్ గారూ, పైకి వచ్చెయ్యండి" అన్నారు. నా మొహం చూడలేదు. అత్తగారు మాత్రం కదలనన్నారు.

"సొంతిల్లొదిలీసి మళ్లీ అద్దెకెందుకే? బుద్ధుందేటి?"

దీనికి మాత్రం మా ఆయన జవాబు చెప్పారు. జీవితంలో ఆయన ఆడిన మంచి అబద్ధం అదొక్కటే. "మిగతా గదులు వెయ్యాలి కదమ్మా. అప్పటిదాకా దీన్ని అద్దెకిచ్చేశాం."

అద్దె అనగానే ఆవిడ మెత్తబడ్డారు. ఓనరుగారి కుర్చీలో కూర్చుని మెట్లెక్కుతూ, మోస్తున్న ఆయనతోనే, "మేమూ ఓనర్లమైపోనాం మాస్టారూ" అన్నారు.

ఇప్పుడు ఆవిడ బాగానే ఉన్నారు. ఉదయం కడదామమ్మా అనే పలకరింపు మా ఇంట్లో ఆగిపోయింది. దాని బదులు ఆవిడ అద్దెకున్నవాళ్ల గురించి అడుగుతారు. అడిగిన ప్రతిసారీ ఒకే మాట చెబుతారు.

"ఆలింట్లో పెద్దోళ్లుంటే ఏదైనా అవుద్ది. గేటు ఎయ్యకండి. నచ్చత్రాలు సూడకండి. గుమ్మం లోపలికి తెచ్చుకోనియ్యండి."

"అలాగే అత్తయ్యా. ఎవరినీ కాదనడం లేదు" అంటాను. ఇందులో అబద్ధం లేదు.

మొన్న ఆదివారం చింతపండు పిక్కలు తీస్తూ మళ్లీ అడిగారు.

"మనింట్లో ఇప్పుడెవరున్నారే?"

కాలనీలో అద్దెకుండే ఒక టీచరుగారి తల్లి ఆ ముందు రోజే పోయారు. ఆ గదిలోనే ఉంచితే మేం చూసి వచ్చాం. ఇడ్లీ బండి ఆవిడ అక్కడ కుర్చీలు సర్దుతోంది, తిట్టుకుంటూనే.

"నిన్న ఒకావిడ వచ్చారు అత్తయ్యా. పెద్దావిడే."

"పాపం. కాదననేదు కదా?"

"లేదు."

"ఎన్నాళ్లుంటాదట?"

"ఇవాళ సాయంత్రం వెళ్లిపోతారట."

"అయ్యో, అంత బేగేటి?" అన్నారు మా అత్తగారు. "ఇంకో పూట ఉండమని సెప్పు."